ఎన్ని కుట్టారో ముందు చెప్పండి

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్ పేపర్లలో ఒక వింత చూడొచ్చు. మొదటి పేజీ నిండా 'ఒకటి కొంటే రెండు ఉచితం' అని బట్టల షాపు ప్రకటన. అదే పేపరు ఆదివారం అనుబంధంలో 'బీరువా నిండిపోయిందా? కొనేముందు ఆలోచించండి' అని సలహాల వ్యాసం. ఏ చీర ఎప్పుడు కట్టారో రాసుకోండి, ఏడాదిగా ముట్టనివి తీసేయండి, సేల్ బోర్డు కనబడితే తల తిప్పుకోండి. పక్కన బట్టల గుట్ట మధ్య తల పట్టుకుని కూర్చున్న ఆడమనిషి బొమ్మ. మగవాళ్ల బొమ్మ ఎందుకు వేయరో తెలీదు. మా ఇంట్లో టీషర్టుల అర ఒకసారి చూపిస్తే ఆ ఆర్టిస్టు మనసు మార్చుకుంటాడు.

ఆ సలహాలతో నాకు పేచీ లేదు. అవసరం లేనివి కొనొద్దని అమ్మమ్మల కాలం నుంచీ వింటున్నదే. కాకపోతే ఇన్నేళ్లలో మొదటి పేజీ ప్రకటన ఇచ్చినాయనకు సలహా చెప్పిన వ్యాసం ఒక్కటి కూడా నా కంటపడలేదు.

మనం షాపు గుమ్మం తొక్కేసరికే ఆ బట్టలు కుట్టేసి ఉంటాయి. ఆరు నెలల కిందటో, ఇంకా ముందో, ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని ఈ డిజైనులో ఇన్ని వేల ముక్కలు అని ఆర్డరు పెట్టేశారు. దానికి కావాల్సిన పత్తి పండింది, రంగునీళ్లు పారాయి, కుట్టినవాళ్లకు కూలి ముట్టింది. నేను కొనకుండా వెనక్కి తిరిగొస్తే ఆ కుర్తా మళ్లీ దారమై రీలుకు చుట్టుకోదు. నేను తగ్గించుకుంటే ఎప్పుడో వచ్చే ఏడాది ఆర్డరు తగ్గుతుందేమో అన్నది ఒక ఆశ, అంతే. చాలాసార్లు అదీ జరగదు, డిస్కౌంట్ పెరుగుతుంది. ఎన్ని కుట్టాలి అన్న నిర్ణయం ఎవరిదో బాధ్యత అక్కడ మొదలవ్వాలి. ఇంత చిన్న సంగతి చెప్పడానికి ఇంత పెద్ద వ్యాసం ఎందుకంటే, ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో చూస్తే తప్ప దాని బలం తెలీదు.

మేడ్చల్ వైపు ఒక గార్మెంట్ యూనిట్‌లో మర్చండైజర్‌గా చాలాకాలం చేసిన స్నేహితురాలు ఉంది నాకు. బ్రాండు వాళ్లకీ ఫ్యాక్టరీకీ మధ్య నలిగే ఉద్యోగం అది. అమ్ముడుపోనన్ని ఎందుకు కుట్టిస్తారే అని అడిగితే, భయం అంది. దురాశ సంగతి తర్వాత. సీజన్ మధ్యలో మీడియం సైజు అయిపోయిందనుకోండి, వచ్చినవాళ్లు పక్క షాపుకు పోతారు. అదే మిగిలిపోతే సేల్ పెట్టుకోవచ్చు. అందుకని ఆర్డర్లు పెట్టే మేనేజరుకు సరుకు చాలకపోతే పడేన్ని చీవాట్లు సరుకు మిగిలితే పడవు. ఎవరైనా ఎటు మొగ్గుతారు?

ఆ తర్వాత రంగు. డైయింగ్ చేసేవాళ్లు యంత్రం నిండేంత బట్ట ఇవ్వకపోతే ఒప్పుకోరు. ఒకే కుర్తా ఆరు రంగుల్లో పెట్టాలని డిజైనర్‌కు ముచ్చట పుడితే ఆరింటికీ ఆ కనీస లెక్క వర్తిస్తుంది, అందులో ఆవపిండి రంగు ఎవరూ కొనరని అందరికీ ముందే తెలిసినా సరే. ఆపైన కటింగ్. బట్టను పొర మీద పొరగా బల్ల మీద పరిచి, కటింగ్ మాస్టర్ ఒకేసారి యంత్రంతో కోసేస్తాడు. ఎన్ని పొరలుంటే ముక్కకు పడే ఖర్చు అంత తగ్గుతుంది. కుట్టులో కొన్ని పాడవుతాయి కాబట్టి ఆర్డరు మీద నూటికి మూడో ఐదో ఎక్కువే కోస్తారు. పాడవకుండా బాగా కుట్టారనుకోండి, అవి కూడా మిగులే. పనివాళ్లు ఎంత నైపుణ్యంగా కుడితే గోడౌన్‌లో అంత ఎక్కువ మిగలడం ఈ వ్యాపారంలోనే చూశాను.

చివరికి లెక్క ఇలా తేలుతుంది. ఎక్కువ కుట్టిస్తే ముక్కకు పడే ధర తగ్గుతుంది. తగ్గిన ధర మీద వచ్చే లాభంలో, అమ్ముడుపోని కొన్ని వేల ముక్కల నష్టం కలిసిపోతుంది. అంటే మిగిలిన సరుకు ఎవరి పొరపాటూ కాదు, కరెంటు బిల్లు లాగా ముందే రాసి పెట్టుకున్న ఖర్చు.

మన పెళ్లిళ్లలో వంటమాస్టరు కూడా ఇంతే. ఐదొందల మందికని చెబితే ఆరొందలకు వండుతాడు, తక్కువైతే మాట పడేది తనే కాబట్టి. కానీ మిగిలిన పులిహోర ఏం చేయాలన్న బాధ పెళ్లివారిది. బట్టల వ్యాపారంలో ఆ పెళ్లివారు ఎవరన్నదే అసలు ప్రశ్న.

బయటి దేశాల్లో ఈ మిగులు సంగతి అప్పుడప్పుడు బయటపడుతుంది. 2018లో స్వీడన్ బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎమ్ దగ్గర అమ్ముడుపోని సరుకు విలువ 430 కోట్ల డాలర్లకు చేరిందని కంపెనీ లెక్కల్లోనే వచ్చింది. అదే ఏడాది బ్రిటన్ కంపెనీ బర్బెరీ, ముందటి ఆర్థిక సంవత్సరంలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన సరుకును నాశనం చేసినట్టు వార్షిక నివేదికలో రాసుకుంది. చవగ్గా అమ్మితే బ్రాండు పరువు పోతుందని తగలబెట్టారన్నమాట. గొడవ పెద్దదయ్యాక ఆ సెప్టెంబరులో ఇక తగలబెట్టమని ప్రకటించారు. వస్తువుల వృథా తగ్గించడం మీద పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017 నివేదిక ప్రకారం అంతకుముందు 15 ఏళ్లలో ప్రపంచంలో బట్టల తయారీ దాదాపు రెట్టింపయింది. ఒక్కో బట్టను తొడుక్కునే సార్లు మాత్రం 36 శాతం తగ్గాయి.

మన దగ్గర తగలబెట్టరు. మనవాళ్లు మహానుభావులని కాదు, ఇక్కడ మిగిలిన సరుకంతా గుత్తగా, అంటే లాట్‌గా, కొనేవాడు ఉంటాడు. కోఠి, అమీర్‌పేట, కూకట్‌పల్లి, ఎక్కడైనా 'ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్' బోర్డు కింద మెట్లు దిగితే ఆ ప్రపంచం కనిపిస్తుంది. అలాంటి ఒక షాపులో కాలర్ చొక్కా ఒకటి తీసి చూశాను. మెడ దగ్గర లేబుల్‌ను కత్తెరతో సగానికి కోసేశారు. చంక కింద అట్టముక్క ఇంకా వేలాడుతోంది, దాని మీద యూరోల్లో 29.99 అని అచ్చు. షాపాయన వేసిన మార్కర్ గీతలో 250.

"లేబుల్ ఎందుకు కోశారు?" అని అడిగాను.

"కొయ్యకపోతే మాల్ ఇయ్యరక్కా. పేరు కనవడొద్దంటరు."

"బయటికి పోవాల్సిన సరుకేనా?"

"ఆర్డర్ క్యాన్సలయింది. లాట్ మొత్తం ఎత్తినం. గిందుట్ల మీడియం లేదు, అన్నీ డబులెక్సెల్లే. మీకు గాదు గదా?"

నాకు కాదు. ఆ షాపులో మిగిలిన అరలన్నీ అదే వరస, ఎవరికీ పట్టని సైజులు, ఎవరూ అడగని ఆవపిండి రంగు. షాపాయన తప్పేమీ లేదు, నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో కాస్తో కూస్తో శుభ్రం చేస్తున్నది ఆయనే. అయితే 250కి వచ్చే ఆ చొక్కా ఆ వీధి చివర దర్జీ పొట్ట కొడుతుంది. ఆ దర్జీ 250కి కుట్టుకూలి కూడా తీసుకోలేడు. మిగులు బాధ పడే పెళ్లివారిలో మొదటి పేరు ఆయనది.

పన్నుల చట్టం కూడా సరుకును ఇటే తోస్తుందని చాలామందికి తెలియదు. జీఎస్టీ చట్టంలో 17(5) సెక్షన్ కింద 'హెచ్' అని ఒక చిన్న వాక్యం ఉంది. సరుకు పోయినా, దొంగలెత్తుకెళ్లినా, నాశనం చేసినా, ఖాతాల్లోంచి కొట్టేసినా, ఊరికే ఇచ్చేసినా దాని ముడిసరుకు మీద కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు పోతుంది. నాశనం చేసేవాడికి అలా వాత పెట్టడం మంచిదే. కానీ అదే వాత హాస్టల్ పిల్లలకు కొత్త స్వెట్టర్లు ఉచితంగా ఇచ్చేవాడికీ పడుతుంది. పావలాకో అర్ధకో లాట్ వ్యాపారికి అమ్మేస్తే ఏ బాధా లేదు. ఎవరైనా కావాలని రాశారని అనుకోను, కానీ చివరికి చట్టం చెబుతున్నది మాత్రం ఎన్నైనా కుట్టుకో, మిగిలింది చవగ్గా తోసేయ్ అనే. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన కొత్త శ్లాబుల్లో 2500 రూపాయల లోపు కుట్టిన బట్టకు 5 శాతం, అది దాటితే 18 శాతం. సామాన్యుడి బట్ట మీద పన్ను తక్కువ ఉండాలన్నది సబబే, దాన్ని మార్చమని నేను అనను. అయితే పదేళ్లు వచ్చే 3000 రూపాయల చేనేత చొక్కా ఎక్కువ శ్లాబులో, రెండు ఉతుకులకు పోగులు లేచే కుర్తా తక్కువ శ్లాబులో పడటం చూస్తే, మన్నికకు ఈ దేశంలో ఎక్కడైనా ఒక్క మార్కు వేస్తారా అనిపిస్తుంది.

మన్నిక అనేది కూడా తయారీదారు చేతిలోనిదే. మా చిన్నప్పుడు స్కూలు యూనిఫాం కుట్టించేటప్పుడు గౌను కింద నాలుగు వేళ్ల మందాన లోపలికి మడిచి కుట్టేవాడు దర్జీ. ఏడాదికోసారి ఆ మడత విప్పి పొడుగు చేయించడం ఇంటింటా జరిగేది, పాత మడత గీత నీలంగా కనబడుతూ ఉండేది. జాకెట్టుకు పక్కల్లో బట్ట వదలడం ఇప్పటికీ ఉంది, ఒళ్లు వస్తే ఒక వరస కుట్టు విప్పుకుంటే చాలు. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న రెడీమేడ్ కుర్తా ఏదైనా తిరగేసి చూడండి. అంచు వెంబడి ఓవర్‌లాక్ కుట్టు, దాని పక్కన కుట్టుకు వేలిగోరంత బట్ట కూడా ఉండదు. ఒక అంగుళం లూజు చేయమని తీసుకెళ్తే దర్జీ చూసి "ఏముందమ్మా ఇందులో" అని చేతిలో పెడతాడు. వేల ముక్కల మీద ఒక్కో దానికి అర అంగుళం మిగుల్చుకుంటే కంపెనీకి తాన్ల కొద్దీ బట్ట కలిసొస్తుంది. మన ఒళ్లు కాస్త మారగానే ఆ కుర్తా ఆయుష్షు తీరిపోతుంది. ఆ అర అంగుళం కోసింది నేను కాదు. నా బీరువాలో అది పనికిరాకుండా పడి ఉన్నందుకు మాత్రం సలహా నాకు.

ఈ మధ్య నాణ్యత ఎంత దిగజారిందో తెలుసుకోవాలంటే పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడను అడగాలి. మా వీధిలోకి ఇప్పటికీ వస్తుంది, నెత్తిన గిన్నెల గంపతో. ఒకప్పుడు మూట విప్పితే చాలు, బేరం మొదలయ్యేది. ఇప్పుడు ఒక్కోటీ తీసి వెలుతురుకు పట్టి చూస్తుంది, చూపుడువేలు బొటనవేలి మధ్య నలుపుతుంది, జరీ అంచైతే గోరుతో గీకుతుంది. నూలు ఒక పక్క, పట్టు ఒక పక్క. సాగే గుడ్డ లెగ్గింగులూ జారిపోయే పాలిస్టర్ టాపులూ చూడగానే పక్కకు తోసేసి, "ఇసొంటియి వద్దమ్మా, ఎవలు కొంటరు?" అంటుంది. ఆమెకు అమ్ముడుపోతేనే కదా మనకు గిన్నె. ఏ కంపెనీ నాణ్యతా విభాగమూ అంత నిక్కచ్చిగా చెప్పదు. ఆమె వద్దన్నవి పోయేది చెత్తబండిలోకి, అక్కణ్నుంచి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు. పెళ్లివారి జాబితాలో ఆ ఊరి జనం పేరు కూడా రాసుకోవాలి.

రీసైక్లింగ్ ఉంది కదా అంటారు. పానిపట్‌లో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే పాత ఉన్ని బట్టలను చింపి, పీచు తీసి, దుప్పట్లు నేసే పరిశ్రమ దశాబ్దాలుగా ఉంది. గొప్ప పనే. కానీ కాటన్‌లో పాలిస్టర్ కలిపి నేసిన బట్టను మళ్లీ విడదీయడం కష్టం, ఇవాళ మనం తొడుక్కునేవి ఎక్కువగా అవే. పాత బట్ట తిరిగి కొత్త బట్టగా మారేది నూటికి ఒకటి కూడా లేదని పైన చెప్పిన ఎలెన్ మెకార్థర్ నివేదికే అంటోంది. షాపుల్లో పాత బట్టలు వేయమని డబ్బాలు పెడతారు కొందరు, వేస్తే ఒక డిస్కౌంట్ కూపన్ చేతిలో పెడతారు. ఆ కూపన్‌తో ఏం చేయాలో నేను చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పిందంతా మిగులు గురించి. మిగులు లేకుండా చేస్తే సరిపోతుందా అంటే సరిపోదు, ఇక్కడే నాకు చాలామంది పర్యావరణవాదులతో కూడా తేడా వస్తుంది. షీఇన్ అనే ఆన్‌లైన్ బట్టల కంపెనీ కథ చూడండి. కొత్త డిజైను మొదట నూరో రెండొందలో ముక్కలు కుట్టించి యాప్‌లో పెడుతుంది. జనం కొంటే మళ్లీ కుట్టిస్తుంది, కొనకపోతే అక్కడితో ఆపేస్తుంది. గోడౌన్ నిండే పద్ధతి కాదు. మా మర్చండైజర్ స్నేహితురాలి బాధలన్నిటికీ ఇది మందులా కనిపిస్తుంది. కానీ ఆ కంపెనీ రోజుకు వేల కొత్త డిజైన్లు పెడుతుంది, ఫోను తెరిచినప్పుడల్లా కొత్తవి. మిగులు వాళ్ల గోడౌన్‌లోంచి మన బీరువాలోకి మారింది, అంతే. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన చైనా యాప్‌లలో ఇదీ ఉంది. 2025 ఫిబ్రవరిలో రిలయన్స్ రిటైల్ చేతుల మీదుగా మళ్లీ వచ్చింది, ఈసారి కుట్టేది మన దేశంలోనే.

అందుకే కొనుగోలుదారుల మీద నెపం వేయడం నాకు మరింత అన్యాయంగా తోస్తుంది. 'రెండే మిగిలాయి', 'ఇప్పుడే మీ కార్టులోది ఇంకెవరో చూస్తున్నారు', గడియారం ముల్లు తిరుగుతూ 'ఆఫర్ ఇంకా 11 నిమిషాలే' అని ఒకపక్క టెన్షన్ పెడుతూ, మనుషుల బలహీనత మీద జీతాలిచ్చి నిపుణులను పెట్టుకున్నవాళ్లు ఒకవైపు. ఆఫీసు నుంచి మెట్రోలో నిలబడి ఇంటికొస్తూ ఫోను చూసే అమ్మాయి ఇంకోవైపు. వీళ్లిద్దరిలో నిగ్రహం ఎవరికి ఉండాలని మనం పాఠం చెబుతున్నాం? ఫ్రాన్స్ సెనేట్ 2025 జూన్‌లో ఆమోదించిన బిల్లు షీఇన్ లాంటి 'అల్ట్రా ఫాస్ట్ ఫ్యాషన్' కంపెనీల ప్రకటనలను, ఇన్‌ఫ్లుయెన్సర్ల ప్రచారాన్ని నిషేధించాలంటోంది. ఆషాఢం మొదటి పేజీ గుర్తొచ్చి నాకు భలే అనిపించింది. మన పేపర్లు మాత్రం బతకలేవేమో, అది వేరే సంగతి.

ఆషాఢం గురించి ఒక పక్కమాట. ఈ సేల్ పుట్టుకలో తప్పేం లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కొత్త కోడళ్లు పుట్టింటికి పోతారు, షాపుల్లో ఈగలు తోలుకోవాలి. శ్రావణానికి కొత్త సరుకు దింపేలోగా పాతది తగ్గించి అమ్ముకుందామన్నది ఎవరికైనా తోచే ఉపాయం. ఇప్పుడు ఆషాఢం సేల్ కోసమే విడిగా సరుకు తెప్పిస్తామని జనరల్ బజార్‌లో వ్యాపారులే మొహమాటం లేకుండా చెబుతారు. మిగిలినది అమ్ముకోవడానికి పుట్టిన సేల్, అమ్మడానికని కొత్తగా నేయించే దాకా వచ్చింది.

సరే, తయారీదారు బాధ్యత అంటున్నాను గానీ తయారీదారు ఎవరు? ఇది చూసుకోకపోతే దెబ్బ వేరేవాళ్లకు తగులుతుంది. కుట్టేది ఒకరు, ఆర్డరు పెట్టేది ఒకరు. 2020లో కరోనా వచ్చినప్పుడు విదేశీ బ్రాండ్లు బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలకు ఇచ్చిన 300 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లను రద్దు చేయడమో ఆపేయడమో చేశాయి. చాలాచోట్ల బట్ట కోసేసి ఉంది, కుట్టేసి ఉంది. ఎన్ని కావాలో చెప్పింది బ్రాండు, వద్దనగానే మునిగింది ఫ్యాక్టరీ, జీతం అందక ఇంటికి పోయింది కుట్టేవాళ్లు. కాబట్టి నేను బాధ్యత అంటున్నది లేబుల్ మీద పేరు ఎవరిదో వాళ్లది. మేడ్చల్ యూనిట్‌ను పట్టుకుని నిలదీయడం ఆశా వర్కర్‌ను పట్టుకుని ఆరోగ్యశాఖ బడ్జెట్ అడిగినట్టే ఉంటుంది.

తగ్గిస్తే ఉపాధి పోదా అన్న ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసిపారేసేది కాదు, తెలంగాణలో అసలే కాదు. సిరిసిల్ల మనకు తెలుసు. మరమగ్గాలకు పనిలేక, అప్పులు తీరక ప్రాణాలు తీసుకున్న నేతకార్మికుల ఊరు. 2017లో బతుకమ్మ చీరల పథకం పెట్టి ఏటా కోటి చీరల దాకా పంచినప్పుడు అక్కడ నెలల తరబడి పని దొరికింది. అదే మొదటి ఏడాది, సమయం చాలక సూరత్ నుంచి కూడా చీరలు తెప్పించారు, నాసిరకం అంటూ కొన్నిచోట్ల ఆడవాళ్లు వాటిని నడిరోడ్డు మీద తగలబెట్టారు. 2024లో పథకం ఆగితే మగ్గాలూ ఆగాయి. రెండు పార్టీలవాళ్లూ దీని మీద కావాల్సినంత తిట్టుకున్నారు. నాకు అందులో కనిపించేది ఒక్కటే. కట్టుకునేవాళ్లను అడగకుండా కోటి నేయిస్తే పని దొరుకుతుంది, కానీ ఆ పని ఒక్క సంతకంతో పోతుంది. అలాంటి పని మీద బతికేవాడికి అది భద్రత ఎలా అవుతుంది?

అదే సిరిసిల్ల మరమగ్గాలు స్కూలు యూనిఫాం బట్ట కూడా నేస్తాయి. అక్కడ లెక్క వేరే. ఏ బడిలో ఎంతమంది పిల్లలో ముందే తెలుసు. 2024 నుంచి తెలంగాణలో ఆ యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు, పిల్లల కొలతలు తీసుకుని కుడుతున్నారు. ఆలస్యాలు ఉన్నాయి, చేతులు పొట్టయ్యాయని తల్లిదండ్రుల గొణుగుడూ ఉంది. అయినా ఆవపిండి రంగు గోడౌన్ మాత్రం లేదు. ఉపాధి కోసమే ఎక్కువ కుడుతున్నామని చెప్పే పెద్ద బ్రాండ్లు కుట్టుకూలి పెంచుతామంటే మాత్రం మాట్లాడవు. షాపులో ధరలో కుట్టినవాళ్లకు అందేది చాలా చిన్న భాగం. ఆ కూలి గట్టిగా ఉంటే, అమ్ముడుపోని ప్రతి ముక్కా కంపెనీకి నొప్పి పుట్టిస్తుంది. ఇప్పుడు నొప్పి లేదు కాబట్టే ఇన్ని.

చట్టాలు చేయలేమా? యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఎకోడిజైన్ నియమం ప్రకారం 2026 జులై 19 నుంచి పెద్ద కంపెనీలు అమ్ముడుపోని బట్టలు, చెప్పులు నాశనం చేయడానికి వీల్లేదు. ఫ్రాన్స్‌లో బట్టలు అమ్మేవాళ్లు, వాడి పడేశాక వాటికయ్యే ఖర్చు కూడా భరించాలన్న పద్ధతి 2007 నుంచీ ఉంది. మన దేశంలో టీవీలు, ఫోన్ల విషయంలో అలాంటి బాధ్యత 2011 నిబంధనలతోనే వచ్చింది, ప్లాస్టిక్ ప్యాకింగ్‌కూ ఉంది. బట్టలకు లేదు. ఇక ఎవరు ఏ బట్ట తయారు చేయాలో సర్కారు చెప్పడమేంటి, స్వేచ్ఛా మార్కెట్ కదా అనేవాళ్లకు 1985 చేనేత రిజర్వేషన్ల చట్టం గుర్తుచేయాలి. మొదట 22 రకాలు, తర్వాత 11 రకాలు మగ్గం మీదే నేయాలని చట్టం. సరిగ్గా అమలు కాలేదు, నిజమే. అంతమాత్రాన అలాంటి చట్టం మనకు కొత్త కాదు.

నేను మాత్రం అంత దూరం కూడా పోవడం లేదు. కోటాలు అడగడం లేదు, తయారీ ఆపమనడం లేదు. ఎన్ని ముక్కలు కుట్టించారో, ఎన్ని అమ్మారో, ఎన్ని మిగిలాయో, మిగిలినవి ఎటు పోయాయో ఏటా చెప్పాలి. మన్నిక, పన్ను, ఉపాధి అన్నీ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఎందుకంటే ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఫ్యాషన్ రెవల్యూషన్ అనే సంస్థ 2023లో ప్రపంచంలోని 250 పెద్ద బ్రాండ్లను చూస్తే 88 శాతం ఏడాదికి ఎన్ని బట్టలు తయారు చేస్తున్నాయో చెప్పలేదు. ఎంత రీసైకిల్ చేశారో, ఎన్ని మొక్కలు నాటారో మాత్రం రంగుల పేజీల్లో ఉంటుంది. మన దగ్గర షేర్ మార్కెట్‌లో ఉన్న మొదటి 1000 కంపెనీలు, ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ చెప్పిన నమూనాలో ఏటా బాధ్యతా నివేదిక ఇస్తాయి. ఎంత చెత్త వచ్చిందో టన్నుల్లో రాయాలి. ఎన్ని చొక్కాలు కుట్టించారో అడిగే గడి అందులో లేదు.

వ్యాపార రహస్యం అంటారు, ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 1956 కంపెనీల చట్టం కింద పాత ఆరో షెడ్యూలు ఉన్నన్నాళ్లూ, తయారీ కంపెనీలు ఏ సరుకు ఎంత పరిమాణంలో తయారు చేశాయో, ఏడాది చివర ఎంత మిగిలిందో వార్షిక లెక్కల్లో రాయాల్సి వచ్చేది, రూపాయల్లోనూ సంఖ్యలోనూ. 2011లో షెడ్యూలు మార్చినప్పుడు ఆ సంఖ్యలు పోయాయి, రూపాయలు మిగిలాయి. అన్ని దశాబ్దాల పాటు సంఖ్యలు చెప్పినందుకు మూతపడ్డ బట్టల మిల్లు ఏదైనా ఉంటే చూపించమనండి. మన మిల్లులు మూతపడటానికి వేరే కారణాలు సవాలక్ష ఉన్నాయి.

పని భారం అనే సాకూ చెల్లదు. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులో సరుకు కోడ్ వారీగా ఎంత అమ్మారో రాసే పట్టిక ఉంది, విలువతో పాటు పరిమాణం కూడా అందులో పడుతుంది. అంటే ఎన్ని అమ్మారన్న లెక్క సర్కారు కంప్యూటర్లలోకి ఇప్పటికే పోతోంది. దాని పక్కన ఎన్ని కుట్టించారని ఇంకో గడి పెట్టి, పెద్ద బ్రాండ్లవరకైనా ఆ రెండు అంకెలూ అందరికీ కనబడేలా పెట్టండి. బీరువా సర్దుకోమన్న సలహా ఎవరికివ్వాలో అప్పుడు చూద్దాం.